సారె గంపలో బుడంకాయ

డోన్,
మాఘ శుద్ధ దశమి

వేంపల్లె ఓబులమ్మ వదినగారికి మీ వియ్యపురాలు సోమక్క నమస్కారాలు.

జాబు నేనే రాస్తున్నాను. మా అబ్బాయి మద్దిలేటితో రాయించవచ్చు గాని, వాడు నా మాటలు సగం మింగేసి "అందరూ కుశలం" అని ముగించేస్తాడు. ఇక్కడ అందరూ కుశలంగా లేరు.

ముందు మంచి మాటలు చెబుతాను. కొడుకూ కోడలూ నిన్న పొద్దున బండి దిగారు. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి ఈ దారి బండ్లలో కాలు మోపే సందు లేదు, అంతా గుమాస్తాలూ వాళ్ళ ట్రంకుపెట్టెలూను. అయినా మీరు పంపిన సారెలో ఒక్క కజ్జికాయ కూడా విరగలేదు. నిప్పట్లు నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయి. మీ చేతి పనితనానికి వంక పెట్టేవాళ్ళు మా వీధిలో ఎవరూ దొరకలేదు. నేను వెతికాను కూడా.

ఇక నువ్వులుండల గంప సంగతి. వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి, పసుపు కుంకుమ ఇచ్చి, అందరి ఎదుటా ఆ గంప మీది గుడ్డ విప్పాను. లోపలినుంచి ఒక పిల్లిపిల్ల లేచి, ఒళ్ళు విరుచుకుని, నా మొహం చూసి ఆవలించింది. ఎదురింటి గిడ్డమ్మ బుగ్గలు నొక్కుకుని, "ఏమక్కా, మీ వియ్యపురాలు సారెలో పిల్లిని గూడా పెట్టి పంపిచ్చినాదే! మా కాలంలో ఇత్తడి బిందెతోనే సరిపెడతాండిరి" అన్నది. మీ అమ్మాయి నేలచూపులు చూస్తూ నిలబడింది. చంకన పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టని సామెత విన్నాను గాని, గంపలో పిల్లిని పెట్టుకుని కాపురానికి రావడం ఇదే చూడటం.

అంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. కానీ మా ఇంట్లో సుబేదారు ఉన్నాడు. సుబేదారు మా పిల్లి. ఒక చెవి చిరిగింది, తోక కొస వంకర. సాయంత్రమయ్యేసరికి వీధి గోడలన్నీ ఒక చుట్టు చుట్టి వస్తాడని మా ఇంటాయన ఆ పేరు పెట్టారు. ఆయన పోయాక, మద్దిలేటి ఉద్యోగం కోసం గుంతకల్లులో ఉన్నన్నాళ్ళూ, ఈ ఇంట్లో నా మాట వినే ప్రాణి వాడొక్కడే. అలాంటివాడు నిన్నటినుంచి మిద్దె ఎక్కి కూర్చున్నాడు. జొన్నరొట్టె పాలల్లో నలిపి చూపించినా దిగడు. ఆ పిల్లది కనబడితే చాలు, తోక చీపురుకట్టంత చేసుకుని బుస్సుమంటున్నాడు. ఈ వయసులో వాడు అలిగి ఇల్లు విడిచిపోతే నేను తట్టుకోలేను వదినా. దాచుకోవడం దేనికి?

కనుక శివరాత్రి లోపల ఎవరినైనా పంపి మీ పిల్లిపిల్లను తీసుకుపోండి. గంప తిరిగి ఇస్తాను. ఖాళీగా ఇవ్వను లెండి, ఆ మాత్రం మర్యాద మాకూ తెలుసు.

సోమక్క


వేంపల్లె,
26-2-56

డోన్ సోమక్క చెల్లెమ్మకు సుబ్బరాయుడు ఆశీస్సులు.

మీ వదినకు అక్షరాలు రావు గాని మాటలకు కొదవలేదు. ఆమె చెబుతున్నది, శెనిక్కాయల మండీలో కూర్చుని నేను రాస్తున్నాను. బ్రాకెట్లలో ఉన్నది మాత్రం నా సొంతం.

వదినా, మీ జాబు విని నాకు సిగ్గుతో తల వంగిపోయింది. మా లక్ష్మీదేవి ఇంత పని చేసిందని మాకు తెలియదు. మీరు రాసేదాకా ఆ పిల్లిపిల్ల కోసం మండీ అంతా గాలించాం. కుక్క ఎత్తుకుపోయిందనుకుని దిగులుతో నేను ఒక పూట అన్నం మానేశాను. (మానలేదు. ఆలస్యంగా తిన్నది.) దాని పేరు బుడంకాయ, చేలో కాసే చిన్న బుడం దోసకాయంత ఉండేదని. దాని తల్లి మా మండీ ముందర లారీ కింద పడి పోయింది. అప్పటికి పిల్లకు కళ్ళు కూడా సరిగా తెరుచుకోలేదు. లక్ష్మీదేవి దూదిని పాలలో ముంచి, చుక్క చుక్క నోట్లో పిండి బతికించింది. పెళ్ళి పందిట్లో కూడా నడుమ నడుమ లేచి వెళ్ళి దానికి పాలు పట్టి వచ్చింది. మీరు చూసి, పిల్ల సిగ్గుపడి లోపలికి పోతున్నదనుకుని మెచ్చుకున్నారు కూడా.

ఇక తీసుకుపొమ్మన్నారు. వదినా, సారెగా పోయినది మళ్ళీ పుట్టింటి గడప తొక్కకూడదు. తొక్కితే ఆడబిడ్డకు మంచిది కాదు. తెలిసి పెట్టారా తెలియక పెట్టారా అని శాస్త్రం అడగదు. సారె గంపలో వచ్చింది గనుక అది సారె. (ఈ శాస్త్రం నేను ఈ పూటే వింటున్నాను. కానీ ఈ ఇంట్లోనే అన్నం తినవలసినవాణ్ణి, కనుక రాస్తున్నాను.)

సుబేదారును గురించి బెంగపడకండి. మండీ అన్నాక పిల్లులు లేకపోతే ఎలుకలే మాకు భాగస్తులు. ఎన్నో పిల్లుల్ని కలిపిన చేతులు నావి. మీరు చేసిన తప్పు ఒకటే, మొదటి రోజే మొహం మొహం చూపించారు. పిల్లులకు ముందు వాసన, ఆ తరువాతే చూపు. బుడంకాయను ఒక గదిలో పెట్టి తలుపు మూయండి. అది పడుకున్న గుడ్డ తెచ్చి సుబేదారు దగ్గర వేయండి, వాడు పడుకున్న గోనెపట్టా దానికి వేయండి. తలుపుకు ఇటు వాడికి, అటు దానికి ఒకేసారి తిండి పెట్టండి. అవతలి వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతుంటే, ఆ వాసన మీద కోపం ఎన్నాళ్ళుంటుంది? కొత్తకోడలు వచ్చిన రోజే వంటింటి పెత్తనం చేతికి తీసుకుంటే అత్త ఊరుకుంటుందా? ఇదీ అంతే. (ఈ మాట రాయను అన్నాను. రాయి అన్నది.)

ఉగాది దాకా గడువు ఇవ్వండి. నా కోసం కాదు, ఆ తల్లిలేని దాని కోసం.

ఓబులమ్మ చెప్పగా, సుబ్బరాయుడు


డోన్,
శివరాత్రి మరునాడు

ఓబులమ్మ వదినకు, సోమక్క రాసేది.

మీ శాస్త్రం సంగతి మా వీధి పెద్దముత్తయిదువులందర్నీ అడిగాను. ఎవరూ వినలేదు. అయినా గిడ్డమ్మ, "యాడన్నా ఉండాదేమోలే అక్కా, ఆడబిడ్డ సంగతి, మనకెందుకు" అన్నది. సరే, ఉగాది దాకా గడువు. ఉగాది పూట సుబేదారు ఎప్పటిలాగా నా పొయ్యి పక్కన పడుకుని ఉండాలి. లేకపోతే శాస్త్రం శాస్త్రమే, పిల్ల వేంపల్లెకే. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పాను. "సరే అత్తా" అన్నది.

బుడంకాయను జొన్నల కొట్టులో పెట్టాం. మీరు చెప్పినట్టే గుడ్డలు మార్చాం. సుబేదారు దాని గుడ్డను చూసి, చుట్టూ తిరిగి, దానిమీద ఉచ్చపోసి మిద్దెక్కాడు. ఇది మీ లెక్కలో మంచిదో చెడ్డదో రాయండి. తిండి దగ్గర మాత్రం మీ మాట నిజమైంది. మూడు పూటలు బింకంగా ఉన్నాడు. తరువాత పాలరొట్టె గిన్నె తలుపుకు బారెడు దూరంలో పెడితే దిగి వచ్చి తిన్నాడు. ఒక కన్ను రొట్టె మీద, ఒక కన్ను తలుపు మీద. రోజూ గిన్నెను కొంచెం కొంచెం తలుపు వైపు జరుపుతున్నాను. మీ పిల్ల మాత్రం రొట్టె ముట్టదు. దానికి సంగటే కావాలట, అదీ పాలు పోసి మెత్తగా పిసికి. కడప జిల్లా నాలుక ఎక్కడికి పోతుంది!

ఇంకో సంగతి వదినా. కోడలు నాతో మాట్లాడదు. "అత్తా, నీళ్ళు తోడినా", "అత్తా, అన్నం వడ్డించనా" అంతే. కానీ కొట్టులోకి పోయి తలుపు వేసుకుని ఆ పిల్లితో గంటలు గంటలు మాట్లాడుతుంది. తలుపు బయట సుబేదారు చెవులు రిక్కించి కూర్చుంటాడు. వాడికి తోడుగా నేనూ కూర్చుంటాను. నవ్వకండి, వాడు ఒంటరిగా ఉంటాడని కూర్చున్నాను. నిన్న లోపల ఏమంటున్నదో తెలుసా? "మనత్త చెడ్డది గాదే. ఆ ముసిలోని మీద పానం ఆమెకి. నాకు నీ మీద ఉన్నట్టే. నువ్వు కొంచెం అణిగిమణిగి ఉండు, నేనూ ఉంటాండా గదా" అని. నేను లేచి వచ్చి చింతపండు పిసుకుతూ కూర్చున్నాను. నాకు కళ్ళు తడిసినాయి. ఉన్నమాట చెప్పాను.

గంపలో పిల్లి ఉన్న సంగతి మా మద్దిలేటికి కూడా తెలుసట. గుంతకల్లులో బండి మారేటప్పుడు దాని కోసం పాలు కొని తెచ్చింది వాడేనట. నాతో మాత్రం పుట్టుమూగవాడి మాదిరి ఉన్నాడు. పెళ్ళయి నెల తిరగలేదు, అప్పుడే జట్టు కట్టారు ఇద్దరూ.

మా ఇంట్లో ఎవరిని ఎవరితో కలపాలో నాకే అర్థం కావడం లేదు. తొందరగా రాయండి.

సోమక్క


వేంపల్లె,
17-3-56

సోమక్క చెల్లెమ్మకు.

(మీ జాబు చదివి వినిపిస్తే మీ వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరువాత ఉచ్చ సంగతి దగ్గర మళ్ళీ చదవమని, పడి పడి నవ్వింది. మండీకి వచ్చిన రైతులు నాకేదో లాభం వచ్చిందనుకున్నారు.)

వదినా, వాడు గుడ్డ మీద పోసింది మంచిదే. "ఇది నా ఇల్లు" అని చెప్పుకున్నాడు, పాపం. ఆ గుడ్డ ఉతికేసి ఇంకొకటి వేయండి. వాణ్ణి తిట్టవద్దు, కొట్టవద్దు. ఆ ఇంట్లో తన స్థానం తనదేనని వాడికి నమ్మకం కలగాలి. ముందు గిన్నె వాడికి, ముందు చెయ్యి వాడి తల మీద. చిన్నది ఆలస్యంగా తిన్నా చచ్చిపోదు.

గిన్నె తలుపు దాకా చేరిందంటే ఇక చూపుకు వేళయింది. ఆ నువ్వులుండల గంప ఉందిగా, దాన్ని పంచలో బోర్లించి, లోపల బుడంకాయను పెట్టి, పైన ఒక రాయి పెట్టండి. గంప సందుల్లోంచి ఇద్దరూ చూసుకుంటారు, వాసన చూసుకుంటారు, కానీ గోరు తగలదు. వాడు బుస్సంటే అననీయండి. మీరు పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ, ఏమీ పట్టనట్టు ఉండండి. మనుషులు కంగారు పడితే పిల్లులూ కంగారు పడతాయి.

ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. మా లక్ష్మీదేవి అన్నం సరిగా తింటున్నదా? మాకు జాబు రాసింది. "నేను బాగున్నాను, అత్త బాగుంది, సుబేదారు మిద్దె మీద ఉన్నాడు" అని మూడే మాటలు. అది పుట్టినప్పటినుంచి నన్ను విడిచి ఒక్క రాత్రి కూడా ఎక్కడా ఉండలేదు. ఆ పిల్లిపిల్లను ఎందుకు దాచి తెచ్చుకుందో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. మీరు పొమ్మంటే పిల్లి వస్తుంది, కానీ నా కూతురు లోపల విరిగిపోతుంది వదినా. (ఇక్కడ ఆమె లేచి పోయి ముంతెడు నీళ్ళు తాగి వచ్చింది.)

ఓబులమ్మ, సుబ్బరాయుడు


డోన్,
ఫాల్గుణ పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు

వదినా!

మొదట మీ ప్రశ్నకు జవాబు. తింటున్నది. నిన్న నాతో పోటీపడి తిన్నది. ఎందుకో చెబుతాను వినండి.

గంప బోర్లించాం. సుబేదారు వచ్చాడు. బుస్సన్నాడు. గంప చుట్టూ ప్రదక్షిణం చేశాడు. నేను బియ్యం చేటలో తల పెట్టుకుని కూర్చున్నాను, ఏరేది రాయో గింజో నాకే తెలియదు. కోడలు స్తంభం పక్కన ఊపిరి బిగపట్టి నిలబడింది. వాడు కొంతసేపు చూసి, ఆలోచించి, ఒక్క దూకు దూకి గంప మీద రాయి పక్కనే ఎక్కి కూర్చున్నాడు. తోక కిందికి వేలాడేశాడు. లోపలినుంచి బుడంకాయ సందులోంచి చెయ్యి చాపి, ఆ వంకర తోకను ఒక్కటి కొట్టింది. సుబేదారు కిందికి చూశాడు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చూశాడు. ఆ మొహం ఎట్లా ఉందంటే, కచేరీలో చిన్న గుమాస్తా తన పేరు పెట్టి పిలిస్తే తాసిల్దారు పెట్టే మొహం.

మీ అమ్మాయి పకాలున నవ్వింది. ఆ పిల్ల నవ్వితే ఇంత గట్టిగా నవ్వుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. "సూడత్తా, సూడు! కాపలా గాస్తాండాడు! సుబేదారంటే సుబేదారే!" అని నా భుజం పట్టుకుని ఊపింది. చేటలో బియ్యమంతా పంచలో పోసుకున్నాం. ఇద్దరం కూర్చుని ఏరుకుంటుంటే అప్పుడు మొదలుపెట్టింది మాటలు. మండీ, మీ ఇల్లు, అన్నయ్యగారు తూకం వేస్తూ పాడే పాటలు, మీ ఊళ్ళో చలికాలం తెల్లవారుజామున వేయించే శెనిక్కాయలు. మద్దిలేటి పనినుంచి వచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు. వాడు మమ్మల్నిద్దరినీ చూసి, కూర్చుని కిందపడ్డ గింజలు తనూ ఏరాడు.

ఇప్పుడు గంప తీసేశాం. ఇద్దరూ ఒకే పంచలో తింటున్నారు, నడుమ నేను కూర్చుంటున్నాను. సుబేదారుకే ముందు గిన్నె. నిన్న ఏం చేశాడో తెలుసా? తన రొట్టె ముగించి, నింపాదిగా నడిచి వెళ్ళి, బుడంకాయ సంగటి తిన్నాడు. పుట్టి బుద్ధెరిగి వాడు సంగటి తిన్నది లేదు. కోడలు, "సంగటి రుచి దెలిసినాది ముసిలోనికి" అన్నది. నేను కూడా ఒక ముద్ద తిన్నాను. శెనిక్కాయల కారంతో. బాగుంది, మీతో చెప్పకూడదనుకున్నాను గాని బాగుంది.

ఒకరి ఒళ్ళు ఒకరు తాకడం మాత్రం ఇంకా లేదు. ఉగాదికి ఇంకా రోజులున్నాయి. గెలుస్తాం వదినా.

మీ సోమక్క


డోన్,
చైత్ర శుద్ధ చవితి

వదినా, మునిగిపోయాం. నేనే ముంచాను.

ఉగాది పొద్దున ఇంటిల్లిపాదికీ తలంట్లు. మద్దిలేటికి పోశాను, కోడలికి పోశాను. కోడలి తలకు సీకాయ రుద్దుతుంటే బుడంకాయ వచ్చి నా పీట పక్కన కూర్చుని చూస్తున్నది. ఆ పూట నా మనసు ఎట్లా ఉందో ఏమో, "ఇదీ ఈ ఇంటి పిల్లే గదా, పండగ పూట దీనికొక్కదానికే తలంటు లేకుండా ఎందుకుండాలి" అనిపించింది. నూనె అంటి, సీకాయతో రుద్ది, గోరువెచ్చని నీళ్ళు పోసి, నా పాతచీరతో తుడిచి, సాంబ్రాణి పొగ కూడా వేశాను. అది అరిచిన అరుపులకు గిడ్డమ్మ, "ఎవురి పిల్లోడక్కా?" అంటూ పరుగెత్తి వచ్చింది. కోడలు వద్దు వద్దంటూనే నవ్వింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సంతోషంతోనే దాన్ని తీసుకుపోయి సుబేదారు ముందర దించాను. వాడు వాసన చూశాడు. అంతే వదినా! ఇన్ని వారాలూ చేసింది గాలికి పోయింది. ఎన్నడూ చూడని శత్రువు ఇంట్లో జొరబడినట్టు కేకవేసి మీదపడ్డాడు. కోడలు అడ్డం వచ్చింది, మోచేతి మీద గీరుకుంది. వాడు గోడ దూకి గూడ్సు షెడ్డు వైపు పోయాడు. మళ్ళీ రాలేదు. ఓళిగల పప్పు పొయ్యి మీద మాడిపోయింది. పొయ్యి పక్కన వాడి చోటు ఖాళీగా ఉంది.

మద్దిలేటి షెడ్డంతా వెతికాడు. పోర్టర్లకు చెప్పాడు. బొగ్గుకుప్పల దగ్గర చూశామని ఒకరు, నీళ్ళ ట్యాంకు దగ్గర అని ఒకరు. ఎవరికీ చిక్కడం లేదు.

ఈ పొద్దున కోడలు నువ్వులుండల గంప దులిపి, అడుగున గుడ్డ పరిచి, బుడంకాయను అందులో పెట్టి నా ముందుకు తెచ్చింది. "ఉగాది దాటిపాయె అత్తా. సుబేదారు ఇంట్లో ల్యాడు. మాట మాటే గదా. మా నాయనకు రాయి, వచ్చి తీసకపోతాడు. ఇది ల్యాకపోతే వాడు వస్తాడు" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గడువు పెట్టింది నేను, దాన్ని నాకు గుర్తుచేసింది ఆ పిల్ల. సుబేదారు కావాలి నాకు. ఆ పిల్లిపిల్లా కావాలి. ఇంత మాట నిబ్బరంగా చెప్పిన ఆ పిల్ల మొహంలో నవ్వు అన్నిటికన్నా ముందు కావాలి. ఒక చెయ్యి పట్టుకుంటే ఇంకో చెయ్యి జారుతున్నది.

గంపను మళ్ళీ లోపల పెట్టించాను, మీ జాబు వచ్చేదాకా ఏమీ చేయవద్దన్నాను. ఈ ఉత్తరం మద్దిలేటి సాయంత్రం బండికే వేస్తాడు. మీరు తిరుగు టపాకే రాయండి.

సోమక్క


వేంపల్లె,
18-4-56

సోమక్క చెల్లెమ్మకు.

(జాబు చదువుతుంటే మీ వదిన మొదట "అయ్యో" అన్నది. సాంబ్రాణి దగ్గరకు వచ్చేసరికి మండీలో మూటల మీద కూలబడి నవ్వింది. తప్పుగా అనుకోకండి. ఆ నవ్వులో సగం ఏడుపు ఉంది, నేను చూశాను.)

వదినా, మా మండీలో ఇన్ని పిల్లుల్ని చూశాను గాని, తలంటు పోసుకున్న పిల్లిని గురించి మాత్రం ఇదే వినడం! దానికి అంటుకున్న మీ ఇంటి వాసన, సుబేదారు గోనెపట్టా వాసన, మీ చేతి వాసన, అన్నీ సీకాయతో కడిగేశారు. వాడికి అది బుడంకాయ కాదు, ఎవరో దారిన పోయేది. వాడి తప్పు లేదు. మీ తప్పూ లేదు. ఇంటిపిల్ల అనుకున్నారు గనుకనే పోశారు. ఆ మాట విన్నాక నా గుండెలో బరువు దిగింది.

వాడి గోనెపట్టా ఉతక్కుండా ఉంచారా? సగం చించి గూడ్సు షెడ్డు వైపు గోడ మీద వేయండి, వాడికి ఇల్లు గుర్తొస్తుంది. మిగతా సగంలో బుడంకాయను పడుకోబెట్టండి, వాడి వాసన మళ్ళీ దీనికి పడుతుంది. వచ్చాక మళ్ళీ గంప దగ్గరనుంచి మొదలుపెట్టండి. ఒకసారి కలిసినవాళ్ళు, ఈసారి తొందరగా కలుస్తారు. దయచేసి నీళ్ళ జోలికి మాత్రం పోవద్దు!

గడువు పెట్టింది మీరు గనుక తీసేయవలసిందీ మీరే. మా లక్ష్మీదేవి మొండిది, మీ నోటినుంచి వింటే గాని వినదు.

ఇంకొక మాట. ఆషాఢం వస్తుంది. కొత్తకోడలు అత్తగారి ఇంట ఉండకూడని నెల. ఈయన వచ్చి అమ్మాయిని తీసుకువస్తాడు. వచ్చేటప్పుడు బుడంకాయను కూడా అదే గంపలో పంపండి. ఎంత పెరిగిందో నా కళ్ళతో చూడాలని ఉంది.

ఓబులమ్మ, సుబ్బరాయుడు


డోన్,
చైత్ర బహుళ ఏకాదశి

నా వదినకు,

మీరు నీళ్ళ జోలికి పోవద్దన్నారు. మేము పోయాం.

మీ జాబు అందిన రోజే గోనెపట్టా చించి గోడ మీద వేశాం. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను, "గడువూ లేదు, గిడువూ లేదు. వాడు వచ్చినా రాకపోయినా బుడంకాయ ఈ ఇంటిది. నువ్వు ఈ ఇంటిదానివి. ఇంకోసారి ఆ గంప సర్దితే ఊరుకోను" అని. అప్పుడు ఏడ్చింది, నా ఒళ్ళో తల పెట్టుకుని. ఏడుపు ఆగాక, "అత్తా, వాడు రాకపోతే నీకెట్లా?" అన్నది. నా గురించి ఆ మాట అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు వదినా.

మర్నాడు మధ్యాహ్నం గోడ మీద ఏదో నల్లటిది కనబడింది. గోనెపట్టా మీద పడుకుని ఉంది. గిడ్డమ్మ చూసి, "ఏందక్కా అది, ఎలుగ్గొడ్డు పిల్లా?" అన్నది. సుబేదారు! ఇంజన్ల దగ్గర దొర్లాడో ఏమో, చెవి చివరినుంచి తోక కొస దాకా బొగ్గుమసి, దానిమీద నూనె జిడ్డు. వాడి వాసనకు నేనే వాణ్ణి గుర్తుపట్టలేదు. కోడలు నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. "సీకాయ కలుపుతా అత్తా" అన్నది.

ఆ తలంటు సంగతి ఏం చెప్పమంటారు! నేను మెడ పట్టుకున్నాను, కోడలు రుద్దింది. మద్దిలేటి నీళ్ళు పోస్తానని వచ్చి ఒక్క గీరుకే పారిపోయాడు. మా ఇద్దరి చేతులూ చూస్తే ముళ్ళకంపలో దూరి వచ్చినట్టున్నాయి. నీళ్ళు నల్లగా పోయాయి, మళ్ళీ పోస్తే మళ్ళీ నల్లగా పోయాయి. చివరికి ఉగాది నాటి సీకాయే, ఆ పాతచీరే, అదే సాంబ్రాణి. వాణ్ణి ఎండలో దించామో లేదో, కొట్టు తలుపు సందులోంచి బుడంకాయ జారి బయటికి వచ్చింది. పట్టుకోబోయేలోపల పోయి వాడి ఎదుట నిలబడింది.

నేను కళ్ళు మూసుకున్నాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది, గీరుకున్నచోటే.

చప్పుడు లేదు. కళ్ళు తెరిస్తే సుబేదారు దాని తల వాసన చూస్తున్నాడు. చూశాడు, చూశాడు, చివరికి నాలుకతో ఒక్కసారి దాని చెవి నాకాడు. ఇద్దరి ఒంటి మీదా ఒకటే వాసన గదా! అది వాడి పొట్ట కింద దూరి కూర్చుంది. వాడు విసుగ్గా మొహం పెట్టి, కదలకుండా కూర్చున్నాడు. కోడలు ఎగిరి గంతేసింది. నేను కూడా వేశాను, నడుము పట్టుకుంది. గిడ్డమ్మ వీధంతా చెప్పి వచ్చింది. ఆలస్యంగానైనా ఆ పూట ఓళిగలు చేశాం, పప్పు మాడలేదు.

ఇప్పుడు ఇద్దరూ పొయ్యి పక్కన నువ్వులుండల గంపలోనే పడుకుంటున్నారు. వాడికి ఇరుకు, అయినా దిగడు. కనుక గంప తిరిగి ఇవ్వలేను, మన్నించండి.

ఆషాఢానికి కోడలిని తప్పకుండా పంపుతాను. అన్నయ్యగారిని రమ్మనండి. నెల దాటిన మర్నాడే మళ్ళీ పంపాలి, ఒక్క రోజు ఆలస్యమైనా నేనే వేంపల్లె వచ్చి మీ మండీలో కూర్చుంటాను. ఆ నెల రోజులూ ఈ ఇల్లు నాకు ఎంత పెద్దగా కనబడుతుందో ఇప్పటినుంచే బెంగగా ఉంది.

బుడంకాయను మాత్రం పంపను. సారెగా వచ్చినది మళ్ళీ పుట్టింటి గడప తొక్కకూడదు వదినా. తొక్కితే ఆడబిడ్డకు మంచిది కాదట. ఈ శాస్త్రం మా వైపు ఎవరికీ తెలియదు. మీ దగ్గరే నేర్చుకున్నాను.

మీ సోమక్క